రంగు వేయకముందు

 

నేను చదువుకున్నదీ, జీతం తీసుకున్నదీ ఒకే పనికి. పట్టణాల పటాల మీద రంగులు వేయడం నా పని. పసుపు వేస్తే ఇళ్లు, నీలం వేస్తే దుకాణాలు, ఊదా వేస్తే ఫ్యాక్టరీలు, పచ్చ వేస్తే పార్కో పొలమో. రంగు పడ్డాక ఆ నేలలో ఏం చేయవచ్చో చట్టం చెబుతుంది, దాని ధరెంతో బజారు చెబుతుంది. దీన్నే మేం మాస్టర్ ప్లాన్ అంటాం, జోనింగ్ అంటాం. కొన్నేళ్లకోసారి పాత ప్లాను తీసి కొత్తది వేస్తాం. వేసేముందు ప్రజల అభిప్రాయం తీసుకోవాలని చట్టంలో ఉంది. తీసుకున్నామని ఫైల్లో రాసుకుంటాం. ఆ తీసుకోవడం ఎలా జరుగుతుందో, ఎలా జరిగితే బాగుంటుందో చెప్పడానికే వచ్చాను.

ఎర్రబోరుకు వచ్చి మాస్టర్ ప్లాను గురించి మాట్లాడతారా అని పొద్దున టీ దగ్గర ఒకాయన నవ్వారు. ఆ నవ్వులో న్యాయం ఉంది. ఇది ఛత్తీస్‌గఢ్‌లో ఒక గ్రామ పంచాయతీ. కుంట నుంచి దోర్నపాల్ పోయే జాతీయ రహదారి, దాని వెంట ఇళ్లు, పోలీసు స్టేషను, వెనక అడవి. ఏ ప్లానరూ ఇక్కడ స్కేలు పట్టుకుని దిగలేదు. అయినా ఇరవై ఏళ్లలో నేల వాడకం ఇంతగా తలకిందులైన చోటు నేను ఉద్యోగం చేసిన ఏ పట్టణంలోనూ లేదు.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక లోపలి ఊళ్ల జనాన్ని రోడ్డు వారకు చేర్చారు. ఆనాటి దంతెవాడ జిల్లాలో 644 ఊళ్లు ఖాళీ అయ్యాయన్న లెక్క ఆ రోజుల్లో అందరూ చెప్పుకున్నదే. కొందరు శిబిరాలకు వచ్చారు, కొందరు అడవిలోకి పోయారు, కొందరు శబరి దాటి, గోదావరి దాటి ఖమ్మం వైపు వెళ్లిపోయారు. 2006 జూలైలో ఈ ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు చేసిన దాడిలో ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి గురించి ఇక్కడ కూర్చున్నవాళ్లకు నేను చెప్పగలిగిందేమీ లేదు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా నడిపించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. శిబిరమన్న పేరు పోయింది. ఇళ్లు మిగిలాయి.

దోర్నపాల్ సంగతి చూడండి. అప్పట్లో పెద్ద శిబిరాల్లో అదొకటి. ఇప్పుడు నగర పంచాయతీ. ఒక పట్టణమే పుట్టింది. అది అక్కడ ఎందుకు పుట్టాలో, ఎవరి పొలం మీద పుట్టాలో, వచ్చినవాళ్లు విడిచి వచ్చిన పొలాలు ఏం కావాలో ఎవరూ ఎవర్నీ అడగలేదు. పట్టణమన్నాక ఇవాళో రేపో దానికి ప్లాను వేయాల్సిందే. కుంటకూ అంతే. రోడ్డు వెడల్పయ్యే కొద్దీ ఎర్రబోరు వంతూ వస్తుంది. పొలాన్ని ఇంటి స్థలంగా మార్చుకోవడాన్ని ఛత్తీస్‌గఢ్‌లో డైవర్షన్ అంటారు. రోడ్డు పక్క నేల ఉన్నవాడికి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. కాబట్టి ప్లాను ఇంకా రాని ఊళ్లోనే ఈ మాట చెప్పాలి. వచ్చాక చెబితే ఏమవుతుందో కామారెడ్డిలో చూశాం. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు చట్టం. ఈ రాష్ట్రంలో పట్టణ ప్రణాళికకు ఆధారం 1973 నాటి నగర తథా గ్రామ నివేశ్ అధినియమ్. మధ్యప్రదేశ్ నుంచి విడిపోయేటప్పుడు వెంట తెచ్చుకున్న చట్టం. అందులో పని వరుస ఇది. మొదట ఫలానా ప్రాంతానికి ప్లాను వేస్తామని ప్రకటిస్తారు. తర్వాత 15వ సెక్షను కింద, ఆ నేలను ఇప్పుడు దేనికి వాడుతున్నారో సర్వే చేసి పటం గీసి ప్రచురించాలి. ముప్పై రోజులకు తక్కువ కాని గడువిచ్చి రాతపూర్వకంగా అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. ఆ తర్వాతే 18వ సెక్షను కింద రేపటి వాడకాన్ని చూపే ముసాయిదా ప్లాను, మళ్లీ అభ్యంతరాలు, విచారణ.

ప్రజాభిప్రాయం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ 18. గొడవలన్నీ అక్కడే. పేపర్లో ఫొటోలు వచ్చేదీ అప్పుడే. నా ఉద్యోగ జీవితంలో నాకు రూఢిగా తెలిసిందేమంటే, అసలు తీర్పు 15 దగ్గరే అయిపోతుంది. ఇప్పటి వాడకం పటంలో ఒక ముక్కను ఖాళీ నేల అని రాశారనుకోండి. దానికి రేపు ఏ రంగు వేసినా అడ్డు చెప్పడానికి కాగితం మీద ఆధారం ఉండదు. ఆ దశలో అభ్యంతరాలు ఎన్ని వస్తాయంటారా? నేను చూసినంతలో రానే రావు. రోజూ తిరిగే నేల పటమే కదా, అందులో తగాదా ఏముందని జనం అనుకుంటారు. మా వాళ్లూ అదే అనుకుంటారు, కాకపోతే కొంచెం సంతోషంగా.

ఎవరి శిష్యులు ఈ సభను ఏటా జరుపుతున్నారో ఆ గురూజీకి ప్లానింగు చట్టం తెలుసో లేదో నాకు తెలియదు. ఆయన తన బడి పిల్లల చేత ఊరి పటం గీయించేవారు. ఇల్లు, బావి, బడి గీసి ఊరుకుంటే ఒప్పుకునేవారు కాదట. ఈ ఇప్ప చెట్టు కింద పూలు ఎవరు ఏరుకుంటారు, ఆ చెరువులో చేపలు ఎప్పుడు పడతారు, ఎవరి మడిలో కోత అయ్యాక ఎవరి గొడ్లు మేస్తాయి, ఇవన్నీ పిల్లలు పెద్దల్ని అడిగి వచ్చి పటంలో గుర్తు పెట్టాలి. మేం శాటిలైటు చిత్రాలతో, కొలతల యంత్రాలతో చేసే పనిలో ఈ సమాచారం ఒక్కటీ దొరకదు.

ఎందుకు దొరకదో చెప్తాను. మా పటంలో ఒక ముక్క నేలకు ఒకటే రంగు. ఇక్కడి నేలకు నెలకో వాడకం ఉంది. ఫాల్గుణం వచ్చేసరికి ఇప్ప చెట్ల కింద ఆకు కాల్చి శుభ్రం చేస్తారు. పూలు రాలే రోజుల్లో ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు, ఆ చెట్టున్న నేల ఇంకొకరిదైనా సరే. ఎండలు ముదిరాక తునికాకు. వానలకు వరి నాట్లు. కోత అయ్యాక అదే మడి ఊరి గొడ్లన్నిటికీ మేత. సంత జరిగే స్థలం ఆరు రోజులు బోసిగా కనపడుతుంది. ఏడో రోజు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అదే బజారు, అదే పెళ్లిచూపుల చోటు, వార్తాపత్రిక కూడా అదే. ఉపగ్రహం ఆ ఏడో రోజునే పైనుంచి చూస్తుందన్న నమ్మకం లేదు. రోడ్ల పక్కన చనిపోయినవాళ్ల పేర నిలబెట్టిన రాళ్లు ఉంటాయి, బస్తర్ అంతటా ఉన్న ఆచారమే. మా లెజెండులో వాటికి గుర్తు లేదు. దేవర గుడి చుట్టూ గొడ్డలి పెట్టని తోపుంటుంది. దానికి పచ్చ రంగు వేసి పార్కు అని రాయడం నేను ఊహించగలను.

రంగు మాట వచ్చింది కాబట్టి ఒక నారింజ రంగు కథ. పాత మధ్యప్రదేశ్‌లో జమీందారీలు, మాల్‌గుజారీలు రద్దయ్యాక వాటి కింద ఉన్న అడవి, బీడు, పోరంబోకు ప్రభుత్వానికి వచ్చాయి. అందులో దేన్ని రక్షిత అడవిగా ఉంచాలి, దేన్ని రెవెన్యూకు ఇవ్వాలి అని సర్వే చేసే క్రమంలో కొన్ని నేలలకు పటంలో నారింజ రంగు వేశారు. తేలాల్సినవి అని దాని అర్థం. దశాబ్దాలు గడిచినా చాలాచోట్ల అవి తేలలేదు. రెవెన్యూవాళ్లు ఇచ్చిన పట్టా ఉన్నవాణ్ణి అటవీ శాఖ వచ్చి ఇది అడవి పొమ్మంది. ఈ రాష్ట్రాల్లో ఇప్పటికీ ఆరెంజ్ ఏరియా అంటే ఆఫీసులో ఎవరూ ముట్టని ఫైలని లెక్క. దస్త్రాల్లో పెద్ద చెట్ల అడవి, చిన్న చెట్ల అడవి అనే రెండు తరగతులున్నాయి కదా, బడే ఝాడ్, ఛోటే ఝాడ్. పట్వారీ ఒకసారి ఛోటే ఝాడ్ అని రాశాడంటే, అక్కడ పొదలు పోయి మూడు తరాలుగా వరి పండుతున్నా కాగితం మీద అది అడవే. ఒక సర్వేయరు ఒక పూట పెట్టిన పేరు మనుషుల జీవితకాలం కంటే ఎక్కువ బతుకుతుంది. నేను 15వ సెక్షను మీద ఇంత పట్టు పట్టడానికి కారణం అదే.

ఇప్పుడు కామారెడ్డి. తెలంగాణలోని ఈ మునిసిపాలిటీ కొత్త మాస్టర్ ప్లాను ముసాయిదాను 2022 నవంబరులో ప్రకటించింది. అభ్యంతరాలకు జనవరి దాకా గడువు. చట్టం ప్రకారం అంతా సవ్యమే. చుట్టూ ఉన్న గ్రామాల రైతులకు తమ సాగు భూములు ఇండస్ట్రియల్ జోనులోనో, గ్రీన్ జోనులోనో ఉన్నాయని, వంద అడుగుల రోడ్డు పొలాల మీదుగా పోతోందని మెల్లగా తెలిసింది. తెలిసిన తీరు గమనించండి. ఆఫీసు గోడకు వేలాడదీసిన పటంలో సర్వే నంబరు వెతుక్కున్న ఒకరిద్దరు ఊళ్లోకి వచ్చి చెబితే, నోటా నోటా పాకింది. పొలం ఎక్కడికీ పోదు, రంగు మాత్రమే మారింది, ఇది ముసాయిదా మాత్రమే అని అధికారులు అన్నారు. అది సాంకేతికంగా నిజం. కానీ ఇండస్ట్రియల్ జోనులో పడ్డ పొలాన్ని ఇంటి ప్లాట్ల ధరకు కొనేవాడు ఉండడు. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామని పెట్టుకున్న మనిషికి అది ముసాయిదా అయినా ఆ రోజు నుంచే బేరం పోతుంది. 2023 జనవరి మొదటి వారంలో అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. కలెక్టరేటు ముట్టడి, పట్టణ బందు, హైకోర్టులో పిటిషను అన్నీ ఆ వారంలోనే. జనవరి 20న కౌన్సిలు ప్రత్యేకంగా సమావేశమై ముసాయిదా రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే రోజుల్లో అదే జరిగింది.

దీన్ని ప్రజల విజయం అని రాశారు. నేనూ సంతోషించాను. ఒక ప్లానరుగా మాత్రం నాకు అసంతృప్తి మిగిలింది. రద్దయింది కొత్త ప్లాను. పాత ప్లాను, దాని పాత రంగులు, దాన్ని పట్టించుకోకుండా పెరుగుతున్న వెంచర్లు అలాగే ఉన్నాయి. పెరుగుతున్న పట్టణానికి మురుగు కాలువ ఎటు పోవాలి, బస్టాండు ఎక్కడుండాలి, చెరువు నీళ్లు వచ్చే దారిని ఎవరు కాపాడాలి అన్న ప్రశ్నలకు రద్దు జవాబు కాదు. అక్కడి రైతులను ముసాయిదాకు ఏడాది ముందు, పొలం గట్టు మీద నిలబెట్టి, ఇక్కడ ఏం పండుతుంది, నీళ్లెక్కడివి, రోడ్డు వేయాలంటే ఎటు వేస్తే నష్టం తక్కువ అని అడిగి ఉంటే వాళ్లే మంచి రోడ్డు చూపించేవాళ్లని నా నమ్మకం. గట్లు తెలిసినవాడికి రోడ్డు చూపడం చేతకాదా? అడిగింది ముసాయిదా అచ్చయ్యాక. అప్పటికి జవాబు అవునో కాదో తప్ప ఇంకొకటి మిగలదు.

నేను పనిచేసిన ఒక పట్టణంలో అభ్యంతరాలకు జవాబుల రిజిస్టరు ఉండేది. మూడో గడిలో పేజీల కొద్దీ ఒకటే వాక్యం, 'పరిశీలించడమైనది'. కార్బను పేపరు రోజులు కాబట్టి రాసేవాడికి శ్రమ కూడా తక్కువే.

ముందే అడగడం ఊహల్లో మాట కాదు. కేరళలో కన్నూరు జిల్లా కల్లియాశ్శేరి పంచాయతీలో 1990ల మొదట్లో శాస్త్ర సాహిత్య పరిషత్తు వాళ్లు, భూ శాస్త్రవేత్తలు కలిసి ఊరి వాలంటీర్ల చేత పొలం పొలం తిరిగి వనరుల పటాలు వేయించారు. కమతాల పటం చేతిలో పట్టుకుని, ఏ నేల ఎలాంటిది, నీరెక్కడ, ఇప్పుడు వాడకం ఏమిటి అని ఊరివాళ్లే గుర్తు పెట్టారు. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలైనప్పుడు అనుసరించడానికి ఒక నమూనా చేతిలో ఉంది. అక్కడ అక్షరాస్యత ఉంది, తుపాకీ లేదు, పోలికే కుదరదు అంటారు. అంటే కాదనను. కానీ బస్తర్‌కు అరువు తెచ్చుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఇక్కడి దస్త్రాల్లోనే అలాంటిది ఉంది.

1959 నాటి భూ రెవెన్యూ కోడు తీయండి. మధ్యప్రదేశ్‌దే, ఇక్కడా నడుస్తున్నదే. 234వ సెక్షను నిస్తార్ పత్రక్ గురించి. ఊళ్లో ఎవరి పట్టాలోనూ లేని నేలను ఊరు ఎలా వాడుకోవాలో రాసిపెట్టే పత్రం అది. మేత ఎక్కడ, వంట చెరకు ఎక్కడ, ఏ షరతు మీద అని. ఊరివాళ్ల ఇష్టం తెలుసుకునే దాన్ని ఖాయం చేయాలి. గ్రామసభ అడిగినా, ఊళ్లో వయోజనుల్లో నాలుగో వంతు మంది అడిగినా విచారణ జరిపి మార్చవచ్చు. 237వ సెక్షను ఇంకా ముచ్చటగా ఉంటుంది. కలెక్టరు ఏయే పనులకు నేల విడిగా పెట్టవచ్చో అందులో ఒక జాబితా ఉంది. మేత బీడు, శ్మశానం, ఇళ్ల స్థలం, బండ్లు విడిసే చోటు, కళ్లం, సంత, చచ్చిన గొడ్డు తోలు ఒలిచే చోటు, ఎరువు గుంటలు, బడి, ఆట స్థలం. 242వ సెక్షను వాజిబ్-ఉల్-అర్జ్. పొలానికి పోయే దారి, నీటి వంతులు, చేపలు పట్టే ఆచారం, వీటిని రాసే పుస్తకం. మేం కాలేజీలో రెండేళ్లు చదివి నేర్చుకున్న జోనింగు ఇదే. అయితే ఇందులో తోలు ఒలిచేవాడికీ చోటు రాసి ఉంది. మా మాస్టర్ ప్లాన్లలో అతని వృత్తి కనిపించదు.

నా మొదటి సూచన అందుకే చాలా చిన్నది. దోర్నపాల్‌కో కుంటకో ప్లానింగ్ ప్రాంతం ప్రకటించిన రోజు, ఆ పరిధిలోకి వచ్చే ప్రతి ఊరి నిస్తార్ పత్రక్‌నూ వాజిబ్-ఉల్-అర్జ్‌నూ తహసీలు నుంచి బయటికి తీయించండి. గ్రామసభలో చదివించండి. పాతబడ్డ చోట తిరగరాయించండి. తర్వాత దాన్నే 15వ సెక్షను పటానికి పునాదిగా పెట్టమని అడగండి. పత్రం లేని ఊళ్లు, సర్వేయే జరగని ఊళ్లు బస్తర్‌లో ఉన్నాయని నాకు తెలుసు. అబూజ్‌మాడ్‌లో చాలా ఊళ్లు అంతే. అలాంటి చోట గురూజీ పిల్లల పటం లాంటిదే మొదటి దస్త్రం అవుతుంది.

నీటి సంగతి ఒకటి చెప్పి తీరాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో రంగు వేసేవాడు మొట్టమొదట తప్పేది అక్కడే. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరికి పోయే దారి ఉండదు, వెనక్కి ఎగదన్ని కుంట మీదికి వస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ రెండుసార్లూ నీళ్లు ఏ ఇంటి గడప దాకా వచ్చాయో కుంట ముసలివాళ్లకు తెలుసు. పోలవరం జలాశయానికి 150 అడుగుల మట్టమని 1980 నాటి గోదావరి ట్రిబ్యునలు తీర్పులో ఖాయమైంది. ఆ గీత ఈ నేల మీదుగా పోతుంది. 2005లో ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఇచ్చినప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ ఆంధ్రలోనే జరిగింది. మునిగే ఊళ్లున్న ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో జరగలేదు. ఆ కారణం మీదే 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ అనుమతిని కొట్టేసింది. హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఛత్తీస్‌గఢ్ 2011లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆ వ్యాజ్యం లోతుల్లోకి నేను పోను. ప్లానరుగా నాకు కావలసింది ఇంతే: కుంట పటంలో పసుపు రంగు వేయబోయేవాడు ఇంజనీరు గీసిన గీతను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆ ముసలివాళ్ల చెయ్యి పట్టుకుని, రెండు వరదల ఆనవాళ్ల దాకా నడవాలి. ఆ గీతా, ఆ ఆనవాళ్లూ కలవని చోట ఇల్లు కట్టనివ్వకూడదు.

ఇక చిక్కు ప్రశ్న. ప్రజలను అడగాలి అంటున్నాం. ఎవరా ప్రజలు?

మా వైపు అమరావతిలో ఒక కథ జరిగింది. రాజధానికి భూములు పూలింగులో ఇచ్చిన రైతులకు ఒక మాస్టర్ ప్లాను మాట ఇచ్చారు. 2023 మార్చిలో ప్రభుత్వం అందులో ఆర్-5 అనే కొత్త జోను పెట్టింది. సుమారు 900 ఎకరాల్లో, రాజధాని ప్రాంతం బయటి పేదలకు కూడా ఇళ్ల స్థలాలు ఇవ్వడానికి. రైతులు కోర్టుకెళ్లారు. మే నెలలో పట్టాలు పంచారు, ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపింది. రైతుల వాదనలో బలముంది. ఒక ప్లాను చూపించి భూమి తీసుకుని, తర్వాత దాన్ని మార్చేస్తే ఒప్పందానికి విలువేమిటి? కానీ రాజధాని చట్టంలోనే పేదల ఇళ్లకు 5 శాతం నేల అన్న మాట ఉంది. ఆ చర్చ అంతటా అభిప్రాయం చెప్పే హక్కు భూమి ఉన్నవాడిదే అయింది. పట్టా అందుకున్న ఆడమనిషి అక్కడి ఏ గ్రామసభలోనూ సభ్యురాలు కాదు, అప్పటికి ఆ ఊరిది కాదు కనక. స్థానికుల మాటే చెల్లాలి అనే న్యాయానికి ఒక అంచు ఉంది, అక్కడ అది గేటెడ్ కాలనీ న్యాయమవుతుంది. ఏ వైపు నిలబడాలో ఆ కేసులో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఇంకో రకం చిక్కు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు 1996లో పెసా అనే చట్టం వచ్చింది. బస్తర్‌లో కలెక్టరుగా చేసిన బి.డి. శర్మ గారు దాని వెనక ఉన్నవాళ్లలో ముఖ్యులు. 1992లో మావలిభాటా దగ్గర ఉక్కు కర్మాగారాన్ని వద్దన్న ఊళ్ల పక్షాన నిలిచినందుకు జగదల్‌పూర్ వీధుల్లో ఆయన్ని అవమానించారు. ఆ పెసాకు ఈ రాష్ట్రంలో నియమాలు రావడానికి 2022 ఆగస్టు దాకా పట్టింది. పోనీ, వచ్చాయి. పట్టణాల మాటేమిటి? రాజ్యాంగంలో మునిసిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు దానంతట అది వర్తించదని 243జెడ్‌సి చెబుతుంది. పార్లమెంటు వేరే చట్టం చేసి వర్తింపజేయాలి. బిల్లు 2001లో పెట్టారు, చట్టం కాలేదు. అయినా రాష్ట్ర చట్టాల కింద నగర పంచాయతీలు ఏర్పడుతూనే ఉన్నాయి. ఊరు నగర పంచాయతీ అయిన మర్నాడు గ్రామసభ ఉండదు. సర్గూజా వైపు ప్రేమ్‌నగర్‌లో గ్రామసభ ఒక విద్యుత్ కర్మాగారానికి పదేపదే ఒప్పుకోలేదు. తర్వాత ఆ ఊరు నగర పంచాయతీ అయింది. ఇక కాదనడానికి సభే లేదు.

దీనికి కొంత విరుగుడు కూడా ఈ రాష్ట్రంలోనే దొరికింది. 2021లో ధమ్‌తరి జిల్లా నగరీలో, నగర పంచాయతీలో కలిసిపోయిన ఊళ్లకు అటవీ హక్కుల చట్టం కింద సామూహిక వనరుల హక్కు ఇచ్చారు. పట్టణ వార్డులోనూ గ్రామసభ ఉండవచ్చని అలా ఒప్పుకున్నట్టయింది. దోర్నపాల్‌లో, కుంటలో అడగాల్సింది అదే. వార్డుకో సభ, పటం ఆ సభ ముందుకు రావాలి.

సభ ఎప్పుడు పెడతారన్నది కూడా చిన్న విషయమేమీ కాదు. జనవరి నుంచి మిరప కోతలకు ఇక్కడి సగం ఇళ్లు భద్రాచలం, ఖమ్మం వైపు పోతాయి. ఆ నెలల్లో నోటీసు వేసి ముప్పై రోజులు లెక్కపెడితే పటాన్ని చూసేది ముసలివాళ్లూ దుకాణదారులూ. నోటీసు హిందీ పేపర్లో వస్తుంది. ఇక్కడ ఇంట్లో మాట్లాడేది దోర్లీ, గోండీ, బజార్లో తెలుగు. చాటింపు వేయించే పద్ధతి ఇంకా చావలేదు కదా, దాన్నే వాడొచ్చు. సంత రోజున, సంత మధ్యలో, పెద్ద పటం పరిచి.

చివరికి, ఇక్కడ లేనివాళ్లు. ఖాళీ అయిన ఊళ్ల నుంచి వెళ్లి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో, ఆంధ్రలో చింతూరు వైపు గుడిసెలు వేసుకున్నవాళ్లు. అక్కడి అటవీ శాఖకు వాళ్లు ఆక్రమణదారులు. ఇక్కడి పొలాలు పదిహేను, ఇరవై ఏళ్లుగా దున్నక పొదలెక్కి ఉంటాయి. రేపు సర్వేయరు వచ్చి చూస్తే ఏమని రాస్తాడు? ఛోటే ఝాడ్ అని రాస్తాడు. అతనిలో చెడ్డతనం ఏమీ అక్కర్లేదు, కళ్లకు కనిపించింది రాస్తాడు. ఇప్పటి వాడకం అనే మాటకు ఇక్కడ ఇంత పదును ఉంది. అటవీ హక్కుల చట్టంలో 3(1)(ఎమ్) అనే క్లాజు ఉంది. పరిహారం లేకుండా అక్రమంగా నేల నుంచి తొలగించినవాళ్లకు అక్కడే పునరావాసం, లేదా వేరే నేల. అయితే 2005 డిసెంబరు 13కు ముందు తొలగించి ఉండాలని తేదీ పెట్టారు. కుంట బ్లాకులో ఎక్కువ ఊళ్లు ఖాళీ అయింది 2006లో. అక్షరం పట్టుకుని చదివితే వాళ్లలో చాలామంది ఆ క్లాజు బయటే ఉంటారు.

1973 చట్టంలో ఒక సౌలభ్యం ఉంది, ఎవరూ దాన్ని వాడినట్టు నేను చూడలేదు. 15వ సెక్షను కింద అభ్యంతరం రాయడానికి ఆ ఊళ్లో ఉండాలనో, ఓటు ఉండాలనో, పట్టా ఉండాలనో షరతు లేదు. ఎవరైనా రాయవచ్చు. ఫలానా బీడు మా నాన్న దున్నిన పొలం, ఫలానా సంవత్సరంలో విడిచి వెళ్లాం, దాన్ని అడవి అని రాయొద్దు అని ములుగులో ఉన్నవాడు తెల్ల కాగితం మీద రాసి పంపితే డైరెక్టరు దాన్ని రిజిస్టరులో ఎక్కించాల్సిందే. ఎక్కిన కాగితానికి కోర్టులో విలువుంటుంది. అందుకని నా రెండో సూచన, నోటీసు వెలువడిన రోజున దాని నకళ్లు భద్రాచలం బస్టాండులో, చింతూరు సంతలో, మిరప కల్లాల దగ్గర అతికించే బాధ్యత ఈ సభ జరుపుతున్న గురూజీ శిష్యులు తీసుకోవాలి. తెలుగులో ఒక నమూనా దరఖాస్తు నేను రాసి తెచ్చాను. దోర్లీలోకి, గోండీలోకి మార్చగలిగినవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి. సర్వే నంబరు తెలియని చోట వాగు పేరు, గుట్ట పేరు, చెట్టు ఆనవాలు రాయడానికి అందులో ఖాళీ వదిలాను.